నిమ్మకాయల మచ్చలు

"రేపు పొద్దున మొదటి కేసు మీ నాయనదే. మోకాలి కిందికి తీసేస్తాం," అన్నాడు డాక్టర్ హేమచంద్ర.

బెండకాయ తొడిమ గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నందిత చేతిలో ఉన్న ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి బల్ల మీద పెట్టింది. దాన్ని విసిరికొట్టకుండా ఉండటానికి అంతకంటే మార్గం తోచలేదు.

"ఏం తీసేస్తారు సార్?"

"కాలమ్మా."

తిరుపతి నుంచి రేణిగుంట పోయే రోడ్డు మీద ఉన్న ప్రైవేటు ఆసుపత్రి అది. రెండో అంతస్తు వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు ఏకాంబరం. నగరిలో పవర్‌లూమ్ మగ్గాల మీద ముప్పై ఏళ్లుగా నేస్తున్న మనిషి. నెలన్నర కిందట, నడుస్తున్న మగ్గంలోంచి నాడె ఎగిరొచ్చి ఎడమకాలి ముందెముక మీద తగిలింది. నూలు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్యముక్కకి రెండు కొసలా ఇనుప మొన ఉంటుంది. గోరంత గాటు పడింది. గాటు మీద చీముపొక్కు లేచింది. పొక్కు పగిలి పుండయింది. పుండు అంచు వంకాయరంగుకి తిరిగి, లోపల్లోపల తొలుచుకుంటూ వెడల్పయింది.

ఇక్కడికొచ్చాక మూడుసార్లు థియేటర్లోకి తీసుకెళ్లారు. కుళ్లిన కండ కోసేసి శుభ్రం చేశామన్నారు. తీసుకెళ్లిన ప్రతిసారీ పుండు ఇంకాస్త పెద్దదై తిరిగొచ్చింది. ఇప్పుడు అరచేయి పెట్టినా కప్పదు. నిన్నటి నుంచి ఎడమచేతి మీద, సెలైన్ సూది గుచ్చిన చోట, అలాంటి పొక్కే ఇంకొకటి. రక్తంలోకి పాకిందన్నాడు హేమచంద్ర. ఆయన తొందర అందుకే.

"మీరు కోసినప్పుడల్లా అది పెరిగింది సార్. నేను కండ్లతో చూస్తా ఉండాను," అంది నందిత.

"ఏం చదివావమ్మా?"

"బీకాం."

"అదీ సంగతి."

నందిత రేణిగుంటలో ఒక గోడౌన్లో సూపర్‌వైజరు. లారీ డ్రైవర్లతో, లోడింగు వాళ్లతో గొంతు చించుకునే ఉద్యోగం. ఆమెకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడవి మండుతున్నాయి.

"బీకాం చదివినోళ్లకి పుండు పెద్దదో చిన్నదో తెలీదా సార్?"

"చూడమ్మా. చచ్చిన కండ వదిలేస్తే విషం ఒళ్లంతా ఎక్కుతుంది. ఆలస్యం చేసినందుకు పోయినవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్ల పిల్లలు కూడా నీలాగే వాదించారు. కాలా, మనిషా? మీరే తేల్చుకోండి."

మంచం మీంచి ఏకాంబరం చెయ్యి చాపాడు.

"యాడ పెట్టాల సార్ సంతకం?"

నర్సు కాగితం అందించింది. ఏకాంబరం చదవలేదు, అడగలేదు. సంతకం గీసి ఇచ్చేశాడు. హేమచంద్ర తల ఊపి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

"నాయనా! నువ్వు మనిషివేనా? ఆయన అడిగింది కాలు. బీడీ కాదు!"

"గమ్మునుండు పాపా. పోయేది పోతాది."

"పోయేదంట! నీదేం పోతాది, మంచం మీద కూకుంటావు. మగ్గం ఎవురు ఆడిస్తారు? ఒంటికాలితో ఆ షెడ్డులో యెట్ల నిలబడతావు?"

"గమ్మునుండమన్నానా!"

నందిత తల్లి వైపు తిరిగింది. సుబ్బులమ్మ గోడ వైపు చూస్తోంది. కూతురి జ్వరానికే కన్నీళ్లు పెట్టుకునే మనిషి. మొగుడి కాలు పోతోందంటే ఏడవడం లేదు. ఆ మొహంలో ఉన్నది దిగులు కాదు, భయం. చాలా పాత భయం.

నందిత అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. నర్సు దగ్గరికి వెళ్లింది.

"సిస్టర్, చేతి మీద ఈ పొక్కుని చర్మం డాక్టర్‌కి చూపించొచ్చా?"

నర్సు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "సాయంత్రం నిస్సీ మేడం వస్తుంది. కింద ఓపీ. ఆమె నోరు మంచిది కాదు. చెయ్యి మంచిది."

* * *

కింద ఓపీలో మొటిమలవాళ్లు, చుండ్రువాళ్లు, గోరుచుట్టువాళ్లు బెంచీలు నింపేశారు. నందిత వాళ్లందరినీ దాటి తలుపు తోసింది.

డాక్టర్ నిస్సీకి ముప్పై మూడు, ముప్పై నాలుగు ఉంటాయి. మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న శిలువ. తల ఎత్తలేదు.

"టోకెన్ ఎంత?"

"టోకెన్ లేదు మేడం. రేపు పొద్దున మా నాయన కాలు తీసేస్తారు."

"నేను చర్మం డాక్టర్ని. పై అంతస్తుకి పో."

"పై అంతస్తు నించే వచ్చినాను. చేతి మీద పొక్కు లేచింది. సూది గుచ్చిన చోట."

నిస్సీ రాయడం ఆపింది.

"సరిగ్గా సూది గుచ్చిన చోటేనా? పక్కన కాదు కదా?"

"సరిగ్గా ఆడనే."

"కాలి మీద మొదట ఏం జరిగింది?"

"నాడె తగిలింది. గోరంత గాటు."

"కోసి శుభ్రం చేశారా?"

"మూడుసార్లు. కోసినప్పుడల్లా పెరిగింది. ఆ మాటంటే, ఏం చదివావు అని అడిగినాడు సర్జన్ సారు."

నిస్సీ కుర్చీ వెనక్కి జరిగింది. బయటికి వచ్చి బెంచీల వైపు చూసి, "మొటిమలు రేపటికి పారిపోవు. కూర్చోండి," అని గబగబా మెట్లెక్కింది.

పైన కట్టు విప్పించి టార్చిలైటు వేసి చూసింది. పుండుని ముట్టుకోకుండా చాలాసేపు చూసిన మొదటి డాక్టరు ఆమే. తర్వాత అంచుకి దూరంగా, ఒక్క వేలితో, ఈక తగిలినంత మెల్లగా తాకింది. ఏకాంబరం వార్డంతా అదిరేలా అరిచాడు.

"చచ్చిన కండకి ఇంత నొప్పి ఉండదే," అని ఆమె తనలో తను అనుకుంది. కేసు షీటు తిరగేసింది. చక్కెర లేదు. జ్వరం నూరు దాటలేదు. చీము పరీక్షలో మొదటిసారి ఏ క్రిమీ రాలేదు. రెండోసారి ఒకటి వచ్చింది.

నందితని వరండాలోకి పిలిచింది.

"ఇది క్రిమి పని కాదని నా అనుమానం. మన ఒంట్లో క్రిములతో పోరాడే తెల్లకణాలుంటాయి. కొందరిలో వాటికి పిచ్చిపడుతుంది. శత్రువు లేకుండానే సొంత చర్మం మీద పడతాయి. ఎక్కడ గాటు పడితే అక్కడికి పరుగెత్తుతాయి. సూది గుచ్చినా చాలు. కత్తి పెట్టి కోస్తే ఇంక చెప్పేదేముంది? పండగే వాటికి. పయోడెర్మా గాంగ్రినోసం అంటారు. చాలా అరుదు. చూడ్డానికి అచ్చం కుళ్లిన పుండు లాగే ఉంటుంది. అందుకే కోస్తారు."

నందిత చెవులు మళ్లీ మండాయి. "అంటే ఈ నెలంతా ఆయన చేసింది..."

"నా అనుమానం అన్నాను. ఇంకా నిజమని తేలలేదు."

"మందు ఉండాదా?"

"ఉంది. స్టెరాయిడ్."

"ఏంటీ?" అన్నారు వెనక నుంచి.

హేమచంద్ర నిలబడి ఉన్నాడు. నర్సు కబురు పంపినట్టుంది.

"చీము కారుతున్న పుండుకి స్టెరాయిడా? మనిషిని చంపుతావా నిస్సీ?"

"చీములో క్రిమి దొరికిందా సార్?"

"రెండోసారి దొరికింది."

"నెల రోజులు తెరిచిపెట్టిన పుండు మీద ఈగ కూడా దొరుకుతుంది సార్. అది పుండు పెట్టిందనగలమా?"

"తెలివి చూపించొద్దు. నీది ఊహ. అది తప్పయితే, నువ్వు స్టెరాయిడ్ ఇచ్చిన మర్నాడే మనిషి పోతాడు. శవాన్ని తీసుకెళ్లేది నువ్వు కాదు, ఈ పిల్ల. రుజువుంటే తీసుకురా, వింటాను. లేదంటే రేపు పొద్దున థియేటర్ నాది."

ఆయన బూట్ల చప్పుడు మెట్ల మీదికి వెళ్లిపోయింది. నందిత ఆ వైపే చూస్తూ పళ్లు కొరికింది.

"ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు," అంది నిస్సీ. "ఇన్ఫెక్షన్ అయి ఉంటే నేనిచ్చే మందే చంపుతుంది. ఆయన రోజూ చూసేది ఇన్ఫెక్షన్లే, అందుకే ఇంకోటి కనపడదు. నాకు కోపం అందుకు కాదు. ఇంకోటి ఉంటుందేమోనని అడగడు చూడు, అందుకు."

"రుజువు ఏముంటాది మేడం?"

"అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను. కానీ దాని జవాబు రేపు పొద్దుటికి రాదు. ఇంతకు ముందు ఎప్పుడైనా మీ నాయనకి చిన్న దెబ్బ ఇలాగే పెద్ద పుండై, తర్వాత మాని ఉంటే, అది చాలు. దాంతో ఆయన్ని ఆపగలను."

* * *

"ఇట్లాంటి పుండు ముందెప్పుడన్నా లేచిందా అన్నా?" అని నిస్సీ మంచం పక్కన నిలబడి అడిగింది.

"లేదు."

ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది జవాబు. సుబ్బులమ్మ కూడా, ఎవరూ అడగకుండానే, "లేదు మేడం, లేదు" అంది.

నిస్సీ చూపు ఏకాంబరం కుడిచేతి మీద ఆగింది. పచ్చబొట్టు. పాతబడి మసకబారిన నెమలి, దాని పక్కన శూలం.

"కావడి ఎత్తినారా అన్నా?"

ఏకాంబరం మొహం మారిపోయింది. "నీకెందుకమ్మా అది? నీ మెడలో శిలువ ఉండాది. మా సామి సంగతి నీకేల?"

"మాది నగరి నుంచి తిరుత్తణి పోయే రోడ్డు మీద పల్లె. ఆడికృత్తిక పండక్కి మీ నగరి మొక్కు కావళ్లన్నీ తిరుత్తణి కొండకి పోయేది మా ఇంటి ముందరే. మా నాయన చర్చి దగ్గర పందిరేసి మజ్జిగ పోసేవాడు. నేను గ్లాసులు కడిగేదాన్ని. కొందరు కావడి ఒక్కటే ఎత్తుతారు. కొందరు వీపుకి చిన్న చిన్న కొక్కేలు గుచ్చుకుని, ఒక్కోదానికి ఒక నిమ్మకాయ వేలాడదీస్తారు. మీరు ఏ రకం?"

"బయటికి పో!"

"అన్నా..."

"పొమ్మన్నానా! సంతకం పెట్టేసినాను. నా కాలు, నా ఇష్టం. పో!"

పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. నిస్సీ కదలలేదు. కానీ నందిత కదిలింది.

ఆమె బుర్రలో మగ్గాల షెడ్డు తిరుగుతోంది. రేకుల కప్పు, మే నెల, గాలి లేదు. షెడ్డులో మగవాళ్లంతా పంచె ఎగ్గట్టి, ఒళ్లు వదిలేసి నేస్తారు. చెమట ధారలు కడుతుంది. అందులో ఒంటి మీద బనీనుతో నేసేది తన తండ్రి ఒక్కడే. స్నానం గది నుంచి తడి బనీనుతోనే బయటికి వచ్చేవాడు. ఎందుకు నాయనా అంటే, నాకు సిగ్గు పాపా అని నవ్వేవాడు. ఊహ తెలిసినప్పటి నుంచి తను తండ్రి వీపు చూడలేదు. ఇప్పుడు ఆసుపత్రి గౌను కింద కూడా అదే బనీను. థియేటర్ నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ, కళ్లు తెరవగానే మొదట అడిగింది నీళ్లు కాదు, బనీను.

"నాయనా, బనీను తీయి."

"తీయను."

"వద్దు పాపా," అని సుబ్బులమ్మ లేచింది.

నందిత కట్లు కట్టే ట్రేలోంచి కత్తెర తీసుకుంది. గౌను ముడి విప్పి, మెడ దగ్గర బనీను పట్టుకుంది.

"ఒసేయ్! ఏం చేస్తా ఉండావు!"

"అరువు నాయనా. బాగా అరువు. గోడౌన్లో నీకంటే పెద్ద గొంతులు రోజూ వింటా ఉండాను."

మెడ నుంచి నడుము దాకా ఒక్క కోత. బనీను రెండుగా విడిపోయింది.

భుజపుటెముకల మధ్య, రెండు వరసలుగా మచ్చలు. ఒక్కొక్కటీ కోసిన నిమ్మచెక్క అంత. నాలుగైదు కలిసిపోయి అరచేయంత పలకలయ్యాయి. ఆ చర్మం ఉల్లిపొర లాగా పలచగా, మెరుస్తూ, సన్నని రంధ్రాలతో జల్లెడలాగా ఉంది.

నిస్సీ టార్చిలైటు దగ్గరికి తెచ్చింది. "ఇది థియేటర్లో ఎవరూ చూడలేదా?"

ఏకాంబరం గొంతు దిండులోంచి వచ్చింది. "మత్తు డాక్టరు అడిగినాడు. చిన్నప్పుడు కాలిందన్నాను. సరే అన్నాడు."

"సరే అన్నాడంట!" నందిత కత్తెర ట్రేలో విసిరేసింది. ఈసారి ఆపుకోలేదు. "కోసేటోళ్లకి చూసే తీరిక లేదు. నీకు చెప్పే నోరు లేదు. ఏమ్మా, నీకూ తెలుసు గదా ఇది? తెలిసి గూడా కాలు కోయించుకోమని కూకున్నావా?"

సుబ్బులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసి చెప్పింది.

నందిత చంటిపిల్లగా ఉన్న ఏడు ఏకాంబరం మండలం రోజులు కావడి దీక్ష పట్టాడు. ఒంటిపూట తిండి, నేలపడక. కావడి రోజు తెల్లారేసరికి షోళింగర్ నుంచి మనిషి వచ్చాడు. ఏకాంబరం సొంత అన్న పోయాడు. మైల వచ్చినట్టే. కావడి దించెయ్యాలి. ఏకాంబరం దించలేదు. వచ్చినవాడిని ఇంట్లోనే కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి, కొక్కేలు గుచ్చించుకుని కొండకి వెళ్లిపోయాడు. అన్న శవం ఆయన కోసం సాయంత్రం దాకా ఎదురు చూసింది. వారం తిరగకముందే కొక్కెం గుచ్చిన ప్రతిచోటా పొక్కు లేచింది.

"సామి కొట్టినాడు," అన్నాడు ఏకాంబరం. "మైలలో ముట్టినాను గదా. కొట్టినాడు. ఎవురికి చెప్పుకునేది? ఊర్లో చెప్తే కావడి ఎత్తే గుంపులో నిలబడనిస్తారా? నెలల తరబడి విభూతి పూసుకోని ఇంట్లోనే పడున్నా. కడాకి మొక్కుకున్నాను. సామీ, ఇది మాన్పు, నా తప్పుకి కాలో చెయ్యో నువ్వే ఎప్పుడన్నా తీసుకో అని. మానింది. ఇప్పుడు అడుగుతా ఉండాడు. ఇచ్చేస్తా. అడ్డం రావొద్దండి."

నందితకి ఇప్పుడు అర్థమైంది, ఆ సంతకం ఎందుకంత తొందరగా పడిందో. ఆమెకి మళ్లీ కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

నిస్సీ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ సామిని నేనేమీ అనను అన్నా. ఒక్కటి చెప్పండి. పుండ్లు మానకముందు ఏమన్నా మందు వాడినారా?"

"లేదు. విభూతే."

"ఒంట్లో ఇంకేదన్నా బాధ? కీళ్లు?"

"ఆ, కీళ్లు!" అంది సుబ్బులమ్మ. "అప్పుడే గదా వేళ్ల కీళ్లు వాచిపోయినాయి. పొద్దునపూట పిడికిలి ముడుచుకునేది కాదు. బస్టాండు కాడ ఒగ ఆరెంపీ డాక్టరు బిళ్లలిచ్చినాడు. తెల్లవి, చిన్నవి. అవి మింగితే నొప్పి ఎగిరిపోయేది. మూణ్ణెల్లు మింగినాడు."

"మొహం ఉబ్బిందా?"

"అయ్యో, పూరీ మాదిరి! చూసినోళ్లంతా ఏమప్పా ఏకాంబరం, బాగా బలిసినావే అంటా ఉంటే ఈయనకి ఒళ్లు మంట. అందుకే నిలిపేసినాడు."

"పుండ్లు మానింది ఆ మూడు నెలల్లోనేనా?"

సుబ్బులమ్మ వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టింది. మొగుడి వైపు చూసింది.

"నా పక్క చూడొద్దు. చెప్పు," అన్నాడు ఏకాంబరం. కానీ గొంతులో జోరు లేదు.

"ఆ మూణ్ణెల్లలోనే," అంది సుబ్బులమ్మ.

"అవి స్టెరాయిడ్ బిళ్లలన్నా. ఆరెంపీలు కీళ్లనొప్పులకి అవే ఇస్తారు, మొహం పూరీలా ఉబ్బేది వాటితోనే. ఆయన ఏ జబ్బుకి ఇస్తున్నాడో ఆయనకే తెలీదు. నేను ఇప్పుడు ఇస్తానంటున్న మందు అదే. మీ కీళ్లూ, మీ పుండూ అన్నదమ్ములు. కొక్కేలు గుచ్చితే వీపున లేచింది. నాడె తగిలితే కాలికి లేచింది. సూది గుచ్చితే చేతికి లేచింది. మైల రోజు కాకపోయినా లేచేది. మీ సామి కాలు అడగలేదు. అడిగింది హేమచంద్ర."

ఏకాంబరం దిండు మీంచి తల ఎత్తాడు. మెడ నరాలు పొంగాయి. తర్వాత మంచం ఇనుపచట్రం మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. సెలైన్ సీసా ఊగింది.

"అట్లయితే ఇన్నేండ్లు ఆ ఉక్కలో నేను బనీనెందుకు ఏసుకున్నాను? ఆఁ? మా అన్న కొడుకు పెండ్లికి పోలా. కావడి గుంపు పిలిస్తే పోలా. ఏట్లో అందరితో మునగలా. దొంగ మాదిరి బతికినాను! ఒగ జబ్బు కోసమా? బిళ్లతో పోయే జబ్బు కోసమా?"

చిరిగిన బనీనుని ఒంటి మీంచి లాగి నేల మీద పడేశాడు.

"బిళ్ల ఇయ్యమ్మా," అన్నాడు. "ఇప్పుడే ఇయ్యి."

* * *

పొద్దున థియేటర్ స్ట్రెచర్ వచ్చింది. ఏకాంబరం దాన్ని చూసి, "తోలుకోని పో," అన్నాడు. కాసేపటికి హేమచంద్ర ఆకుపచ్చ బట్టల్లోనే వచ్చాడు.

"ఏం నాటకాలయ్యా ఇవి?"

ఏకాంబరం పక్కకి ఒత్తిగిలి వీపు చూపించాడు. ఒంటి మీద బనీను లేదు.

"మీ మత్తు డాక్టర్‌కి అబద్ధం చెప్పినాను సార్. ఆ తప్పు నాది. కానీ మూడుసార్లు నన్ను కోసినారే, ఒగసారన్నా ఇది ఏందప్పా అని గట్టిగా అడిగినారా మీరు?"

నిస్సీ రాత్రి తెలిసిన సంగతంతా చెప్పింది. కొక్కేలు, బిళ్లలు, పూరీ మొహం. హేమచంద్ర ఆ జల్లెడ మచ్చల మీద వేలు పెట్టి రుద్దాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"నువ్వు దాచిపెట్టి నన్నడుగుతావా? నీ ప్రాణం కోసమే కదా నేను కొట్టుకుంటున్నది?"

"మీరు అడక్క, ఆయన చెప్పక," అంది నందిత, "మధ్యలో పోతా ఉండింది కాలు సార్."

హేమచంద్ర ఆమె వైపు చూడలేదు. నిస్సీతో అన్నాడు. "రెండు రోజులిస్తాను. అంచు ఒక్క వేలు జరిగినా థియేటరే. అప్పుడు నోరెత్తకూడదు."

"ఎత్తను."

నిస్సీ మార్కరు పెన్ను తీసి పుండు చుట్టూ, అంచుని ఆనుకుని, చర్మం మీద నల్లగీత గీసింది. పుండు ఆ గీత దాటితే కాలు హేమచంద్రది. చేతికున్న సెలైన్ సూది తీయించేసింది. కొత్త సూదులు వద్దు, స్టెరాయిడ్‌తో సహా అన్నీ బిళ్లలే అని మొదలుపెట్టింది. ముక్క ముందురోజే తీసి పంపింది.

నందిత గోడౌన్‌కి సెలవు పెట్టేసి ఆ గీత ముందు కాపలా కూర్చుంది. కట్టు మార్చినప్పుడల్లా వంగి చూసింది. మొదటిరోజు అంచు గీతకి తాకుతూనే ఉంది. ఒకచోట దాటినట్టే అనిపించి ఆమె నిస్సీ కోసం పరుగెత్తింది. నిస్సీ టార్చి వేసి, "నీరు ఊరింది. అంచు కాదు. నీ ఏడుపు మొహం తిప్పుకో, మీ నాయన చూస్తున్నాడు," అని కసిరింది.

రెండోరోజు మధ్యాహ్నం ఏకాంబరం గురక పెట్టాడు. నెలన్నరగా నొప్పితో కునుకు లేని మనిషి. సుబ్బులమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ సాయంత్రం వంకాయరంగు అంచు గీతకి లోపలే ఉంది. రంగు కూడా వెలిసింది.

పరీక్ష జవాబు వచ్చింది. క్రిమి లేదు, తెల్లకణాలు మాత్రం గుట్టలు గుట్టలు. యాంటీబయాటిక్‌లు ఆపేశారు. వారం తర్వాత హేమచంద్ర వచ్చి, తగ్గుతున్న పుండుని చూసి, "మొత్తానికి యాంటీబయాటిక్ పట్టింది," అన్నాడు.

"అది ఆపేసి వారమయింది సార్," అంది నందిత. "ఏం చదివినారు మీరు?"

పక్క మంచం ముసలామె పకపకా నవ్వింది. హేమచంద్ర నవ్వలేదు. గుమ్మం దాకా వెళ్లి, ఆగి, నిస్సీతో అన్నాడు. "కింది వార్డులో ఒకామె ఉంది. రెండుసార్లు కోశాను. తగ్గట్లేదు. ఒకసారి చూడు."

"ఈ మాట నెల కిందట అనుంటే..." అని నందిత మొదలుపెట్టేలోపు నిస్సీ మెట్లు దిగిపోయింది.

* * *

పుండు పూర్తిగా మూసుకునేసరికి ఎండాకాలం వచ్చింది. కాలి మీద జల్లెడ మచ్చ మిగిలింది. ఏకాంబరం కొంచెం కుంటుతాడు. మోకాలూ, మడమా, ఐదు వేళ్లూ ఉన్నాయి.

మళ్లీ పనిలోకి వెళ్లే రోజు నందిత కూడా నగరి షెడ్డుకి వెళ్లింది. మగ్గాల యజమాని వెంకటముని తలుపు దగ్గరే ఎదురొచ్చాడు.

"రాప్పా ఏకాంబరం. నీ మగ్గం అట్లనే పెట్టినాను. మొదలుపెట్టు."

ఏకాంబరం చొక్కా విప్పాడు. బనీను విప్పాడు. షెడ్డులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏందప్పా ఆ వీపు?" అన్నాడు వెంకటముని. "కొక్కేల గుర్తులు గదా అవి? ఏం తప్పు చేసినావు, సామి అట్ల కొట్టినాడు?"

"సామి కొట్టలా. జబ్బు కొట్టింది. దానికి పేరుండాది, మందుండాది. ఇంకోసారి సామి కొట్టినాడని ఎవుడన్నా అంటే నేను కొడతా."

బనీనుని ఉండచుట్టి మగ్గం ఇరుసు మీద నూనె మరకలు తుడిచాడు. నాడె వచ్చి ఆగే పెట్టె వైపు చూశాడు. అక్కడ నాడె బయటికి ఎగరకుండా ఇనుప జాలీ ఉండాలి. ఏనాడో ఊడిపోయింది. మళ్లీ పెట్టలేదు.

"జాలీ యాడ?"

"చేయిస్తాలేప్పా. ముందు మగ్గం ఆడించు. ఇన్నేండ్లు జాలీ లేకనే నేసినావు గదా?"

"ఇన్నేండ్లు బనీను గూడా ఏసుకున్నాను."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఇంకో గాటు పడితే నేను మళ్లా ఆ మంచం మీదనే. తగిలినా నా రాత అనుకునే ఏకాంబరం వేరే. వాడు పోయినాడు. జాలీ తెప్పించు."

వెంకటముని నందిత వైపు తిరిగాడు. "ఏం పాపా, మీ నాయనకి నువ్వు గూడా చెప్పవా?"

"చెప్పినాను. ఇంకా గట్టిగా అరువు నాయనా అని."

ఏకాంబరం మగ్గం స్విచ్చు ముట్టుకోకుండా, ఒట్టి వీపుతో, కదలకుండా నిలబడ్డాడు. పక్క మగ్గం మనిషి తన మగ్గం వైపు వంగి చూసుకున్నాడు. దానికీ జాలీ లేదు. వాడు కూడా స్విచ్చు మీంచి చెయ్యి తీసేశాడు.